ఆ మూడు సంతకాలు

1947 సెప్టెంబర్ 11న ఒక ప్రకటన వెలువడింది. నిజాం పాలన మీద ఆయుధం పట్టమని తెలంగాణ జనాన్ని కోరిన ఆ పిలుపు కింద మూడు పేర్లున్నాయి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. నాలుగేళ్లు దాటాయో లేదో, ఆ ముగ్గురూ ఓట్లడగడానికి జనం ముందుకొచ్చారు. మొదటి ఇద్దరూ పార్లమెంటుకు వెళ్లారు. వాళ్లలో రావి నారాయణరెడ్డికి నల్గొండలో పడిన ఓట్లు జవహర్‌లాల్ నెహ్రూకు ఆయన నియోజకవర్గంలో పడినవాటి కంటే ఎక్కువ. మూడో ఆయన మఖ్దూం. హైదరాబాద్ నగరం ఆయన్ని ఓడించింది.

గత భాగాన్ని 1948 సెప్టెంబర్ 18 దగ్గర ఆపాం. నిజాం రేడియోలో మాట్లాడటం, ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ లొంగిపోవడం, భారత సైన్యంతో జనరల్ చౌధురి నగరంలోకి రావడం చూశాం. ఈ భాగంలో అక్కడి నుంచి 1952 ఎన్నికల దాకా వెళ్దాం. అయితే ఆ ఎన్నికలు అర్థం కావాలంటే ఒకసారి వెనక్కి తిరగక తప్పదు. యుద్ధం గురించి మాట మారడం మఖ్దూంకు గానీ ఆయన కమ్యూనిస్టు పార్టీకి గానీ అప్పుడే మొదలు కాలేదు.

చార్మినార్ వైపు నుంచి మదీనా మీదుగా మూసీ ఒడ్డుకు వస్తే హైకోర్టు పక్కనే సిటీ కాలేజీ కనిపిస్తుంది. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టిన మఖ్దూం చదువు కోసం నగరానికి వచ్చి, చివరికి ఆ కాలేజీలోనే ఉర్దూ పాఠాలు చెప్పారు. 1939లో నగరంలో కామ్రేడ్స్ అసోసియేషన్ పుట్టింది. మఖ్దూం, రాజ్ బహదూర్ గౌర్, ఆలం ఖుంద్‌మీరీ వంటి యువకులు అందులో చేరారు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఐరోపాలో యుద్ధం మొదలైంది. భారత కమ్యూనిస్టు పార్టీ దాన్ని సామ్రాజ్యవాద యుద్ధమంది. బ్రిటన్‌కు ఒక్క సిపాయి కూడా దక్కకూడదంది. హైదరాబాద్‌లో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. నిజాం బ్రిటిష్ వాళ్లకు నమ్మిన బంటు. యుద్ధానికి డబ్బూ మనుషులూ ఇచ్చినవాడు. యుద్ధానికి వెళ్తున్న జవానును ఎక్కడికని అడిగే మఖ్దూం కవిత ‘సిపాహీ’ ఇప్పటికీ ముషాయిరాల్లో వినిపిస్తూనే ఉంటుంది.

1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద దండెత్తాడు. ఆ ఏడాది చివరికల్లా భారత కమ్యూనిస్టు పార్టీ దృష్టిలో అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. మరుసటి ఏడు జూలైలో బ్రిటిష్ ప్రభుత్వం పార్టీ మీద నిషేధం ఎత్తేసింది. ఆగస్టులో కాంగ్రెస్ క్విట్ ఇండియా అన్నప్పుడు కమ్యూనిస్టులు ఆ ఉద్యమానికి దూరంగా నిలబడ్డారు. స్వాతంత్ర్య సమరాన్ని కీర్తిస్తూ మఖ్దూం రాసిన ‘జంగే ఆజాదీ’ దేశమంతటా నోళ్లలో నానింది. ఒకే కవి, ఒకే దశాబ్దం. ఒక కవితలో యుద్ధాన్ని నిలదీశాడు, ఇంకో కవితలో యుద్ధాన్ని పిలిచాడు. రెండిటిలోనూ ఆయన మనస్ఫూర్తిగానే రాశారని చదివినవాళ్లకు తెలుస్తుంది. ఫాసిజం గెలిస్తే ఏ దేశానికీ స్వేచ్ఛ ఉండదన్న వాదంలో బలముంది. కానీ అది మాస్కో మీద బాంబులు పడ్డాకే గుర్తొచ్చిందేమని అడిగిన కాంగ్రెస్ వాళ్లకు కమ్యూనిస్టులు ఎన్నేళ్లయినా సరైన జవాబు చెప్పలేకపోయారు. ఆ ప్రశ్న తర్వాత కూడా వాళ్ల వెంట పడుతూనే వచ్చింది.

రావి నారాయణరెడ్డి దారి వేరు. భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో కలిగిన కుటుంబంలో పుట్టి, నగరంలో చదువుకుని, గాంధీ బాటలో హరిజన సేవ చేశారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ హైదరాబాద్‌లో సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు అరెస్టయిన మొదటి జట్టులో ఆయన ఉన్నారు. అంటే ఈ మనిషి మొదట అహింసా వ్రతం పట్టి జైలుకు వెళ్లినవాడు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించేనాటికి కమ్యూనిస్టు అయ్యారు. భువనగిరిలో మితవాదులు విడిపోయారు. మిగిలిన మహాసభను పల్లెల్లో ‘సంగం’ అన్నారు. ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు లెవీ పేరుతో పేద రైతు గాదె ఊడ్చి దొరల గాదెలను మాత్రం వదిలేసేది. ఆ లెవీ ధాన్యం దగ్గరే సంగం ఊళ్లలో వేళ్లూనుకుంది. వెట్టి మీద, భూమి గుంజుకోవడం మీద తగాదా ముదిరింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ దెబ్బకు నేలకొరిగాడు. అప్పటికి జనం చేతుల్లో గుత్పలు, వడిసెలలు తప్ప మరేం లేవు.

1947 సెప్టెంబర్ నాటి పిలుపు దీని కొనసాగింపే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నెల కూడా కాలేదు. నిజాం కలవనన్నాడు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. ఆ రోజుల్లో ఆయుధం పట్టింది కమ్యూనిస్టులు ఒక్కళ్లే అనుకోవడం పొరపాటు. స్టేట్ కాంగ్రెస్ సరిహద్దుల వెంట శిబిరాలు పెట్టింది. అక్కడి నుంచి సాయుధ బృందాలు సంస్థానంలోకి వచ్చి నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేశాయి. 1948 జనవరిలో ఉమ్రీ బ్యాంకును కొట్టిన బృందం కూడా అలాంటిదే. చాందా శిబిరంలో పనిచేసిన యువకుల్లో పాములపర్తి వెంకట నరసింహారావు ఒకరు. తర్వాతి కాలంలో కాంగ్రెస్ చరిత్రల్లో శిబిరాల కథ చిన్న అక్షరాల్లోకి పోయి సత్యాగ్రహం పెద్ద అక్షరాల్లో నిలిచింది. 1952లో ఓట్లడిగిన రెండు ప్రధాన పక్షాలకూ తుపాకీ గతం ఉందని పాఠకులు మనసులో పెట్టుకోవాలి.

నగరంలో పరిస్థితి మరీ చిక్కుగా ఉండేది. మఖ్దూం, గౌర్ 1946లో అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పెట్టారు. ఒకరు అధ్యక్షుడు, ఇంకొకరు కార్యదర్శి. పార్టీకి నగరంలో దన్ను రైల్వే కార్మికుల్లో, ఫ్యాక్టరీల్లో ఉంది. వీళ్లలో ముస్లింలు చాలామంది. మరోవైపు అదే గల్లీల్లో రజ్వీ పార్టీ మజ్లిస్ జెండా ఎగురుతోంది. 1948 మే నెలలో నిజాం ప్రభుత్వం ఉన్నట్టుండి కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తీసేసింది. ఆ దినాల్లోనే పార్టీ నగర కమిటీ పేరుతో స్వతంత్ర హైదరాబాద్ వైపు మొగ్గే ప్రకటన వచ్చింది. నల్గొండ, వరంగల్ జిల్లాల్లో దళాలు రజాకార్లతో ప్రాణాలకు తెగించి కొట్లాడుతుంటే రాజధానిలో పార్టీ మాట ఇలా వినబడింది. పై నాయకత్వం దాన్ని తప్పుపట్టి సరిదిద్దింది. కానీ ఒకసారి బయటికొచ్చిన మాటను వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు. కమ్యూనిస్టులు రజాకార్లతో చేతులు కలిపారన్న ప్రచారానికి ప్రత్యర్థులకు అదే ఆధారమైంది. నగర కమిటీని అంతగా తిట్టాలని నాకు అనిపించదు. ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన పార్టీ మహాసభ నెహ్రూ ప్రభుత్వాన్నే ప్రధాన శత్రువుగా తేల్చేసింది. ఆ మాటను తు.చ. తప్పకుండా పాటిస్తే హైదరాబాద్ నగరంలో ఎక్కడ తేలతారో నగర కమిటీ అక్కడే తేలింది.

సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం సైన్యం చేతులెత్తేసింది. రజాకార్లు మాయమయ్యారు, దొరలు ఖద్దరు కట్టి గడీలకు తిరిగొచ్చారు. ఎవరి మీద ఆయుధం పట్టారో ఆ శత్రువు పోయాడు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది నెహ్రూ, పటేల్‌ల సైన్యం. దించాలా, దించకూడదా?

ఈ ప్రశ్న మీద మూడేళ్లపాటు పార్టీ లోపల జరిగిన రగడే ఈ భాగానికి గుండెకాయ. యుద్ధం మీద పార్టీ మాట మార్చుకోవడం మరోచోట ఎలా జరుగుతుందో పోల్చి చూద్దాం. అమెరికాలో పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి ప్రైమరీలు పెడతాయి. అక్కడ యుద్ధం మీద మాట మారడం ఎన్నికల సభల్లో, పత్రికల్లో, అందరి కళ్ల ముందే జరుగుతుంది. 1968 మార్చి 12న న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీకి 42 శాతం ఓట్లు పడ్డాయి. నాలుగు రోజుల తర్వాత రాబర్ట్ కెన్నెడీ బరిలో దిగాడు. అన్న ప్రభుత్వంలో ఉన్నప్పుడు ఆయన ఆ యుద్ధానికి మద్దతుదారే. నెలాఖరుకు అధ్యక్షుడు జాన్సన్ తాను పోటీలో లేనని ప్రకటించాడు. 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్‌లో ఓటేసిన జాన్ కెర్రీ, ఏడాది తిరిగేసరికి ఆ యుద్ధానికి అడిగిన 8,700 కోట్ల డాలర్ల బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు. మధ్యలో ఏం జరిగిందంటే, యుద్ధాన్ని మొదటి నుంచీ కాదన్న హోవర్డ్ డీన్ డెమొక్రాట్లలో ముందుకు దూసుకొచ్చాడు. ఓటర్లు మాట మార్చినవాణ్ని నిలదీయగలిగారు, జవాబు నచ్చకపోతే పక్కన పెట్టగలిగారు.

తెలంగాణలో ఆ వెసులుబాటు లేదు. సైన్యం వచ్చాక పార్టీ మళ్లీ నిషేధంలో ఉంది. వాదన రహస్య స్థావరాల్లో, సైక్లోస్టైల్ కాగితాల మీద, జైలు బ్యారక్‌లలో నడిచింది. రావి నారాయణరెడ్డి విరమించాలన్నారు. నిజాంతో కొట్లాడినప్పుడు రైతుల్లో అన్ని తరగతులూ మనవెంట ఉన్నాయి, భారత ప్రభుత్వంతో కొట్లాటకు జనం సిద్ధంగా లేరు అన్నది ఆయన వాదన సారాంశం. 1947 పిలుపు మీద మొదటి సంతకం పెట్టిన మనిషి ఇలా అనడం కొనసాగించాలన్నవాళ్లకు మింగుడు పడలేదు. పుచ్చలపల్లి సుందరయ్య, మాకినేని బసవపున్నయ్య, చండ్ర రాజేశ్వరరావు, దేవులపల్లి వెంకటేశ్వరరావు కొనసాగింపు పక్షాన ఉన్నారు. భూమి పంచుకున్న రైతును దొరకూ సైన్యానికీ అప్పగించి ఎలా పోతామన్నది వాళ్ల వేదన. ఆ వేదన ఒట్టి మాట కాదు. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు మూడు వేల గ్రామాల్లో సంగం పాలన నడిచింది, పది లక్షల ఎకరాలు పంచారు. దొర తిరిగొస్తే ఆ భూమి సంగతి ఏమిటని రైతు అడిగితే, విరమించాలన్నవాళ్ల దగ్గర కూడా గట్టి జవాబు లేదు.

వాదన తెగేలోపు రాష్ట్రంలో చాలా మారింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో వంద ఎకరాల దానం అందుకున్నారు. అడవుల్లో దళాలు చిన్నవైపోయాయి. ఊళ్లను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. పన్నెండుమంది తెలంగాణ ఖైదీలకు ఉరిశిక్ష పడితే వాళ్ల తరఫున వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. చివరికి ఆ ఉరులు తప్పాయి. 1951 తొలి నెలల్లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. విరమణ వైపు మొగ్గిన అజయ్ ఘోష్, డాంగే, కొనసాగించాలన్న రాజేశ్వరరావు, బసవపున్నయ్య. తెలంగాణ రైతు కొట్లాట గురించి తెలంగాణ రైతును అడగక ముందు స్టాలిన్‌ను అడిగారు. ఈ పోరాటాన్ని ఎంత గౌరవించినా ఈ ఒక్క విషయం దగ్గర నాకు మనసు కష్టంగా ఉంటుంది.

1951 అక్టోబర్ 21న విరమణ ప్రకటించారు. ఇంకో నాలుగు రోజులకు, అక్టోబర్ 25న, హిమాచల్ కొండల్లో స్వతంత్ర భారతంలో మొట్టమొదటి సార్వత్రిక ఓటు పడింది. హైదరాబాద్ రాష్ట్రంలో ఓటింగ్‌కు ఇంకా వ్యవధి ఉంది గానీ దేశంలో ఎన్నికల రైలు కదిలిపోయింది. విరమణకు కారణాలు ఎన్ని ఉన్నా ఈ తేదీల దగ్గరితనాన్ని చూడకుండా ఉండలేం. తుపాకీ దించితే తప్ప పోటీ లేదు. పోటీ లేకపోతే ఇంత త్యాగమూ ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతుంది.

పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం అలాగే ఉంది. అందుకని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. జనం నోట అది పీడీఎఫ్. అధ్యక్షుడు డాక్టర్ ఎన్.ఎం. జయసూర్య, సరోజినీ నాయుడి కొడుకు. నిన్నమొన్నటి దాకా అడవిలో దాక్కున్నవాళ్లు, తలల మీద వెలలున్నవాళ్లు, జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్లు ఊళ్లలోకొచ్చి జనాన్ని కలిశారు. వాళ్లు క్షమాపణ అడగలేదు, కొట్లాట తప్పని చెప్పలేదు. కొట్లాటతో వచ్చింది నిలబెట్టుకోవడానికి ఇప్పుడు ఓటు కావాలన్నారు. యుద్ధం మీద వైఖరి మారింది, యుద్ధం ఎందుకు చేశామన్న దాని మీద మారలేదు. ఊరి జనం ఈ తేడాను పట్టుకున్నారని ఫలితాలు చెబుతున్నాయి.

ఆ ఓటు వేసిన తీరు ఇప్పటివాళ్లకు వింతగా ఉంటుంది. కాగితం మీద గుర్తులు, పేర్లు లేవు. పోలింగ్ గదిలో తెర వెనక ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక ఇనుప డబ్బా ఉండేది. దాని మీద గుర్తు అతికించేవాళ్లు. ఓటరు తన చేతికిచ్చిన చీటీని తనకు నచ్చిన డబ్బాలో వేయాలి, అంతే. ఏ డబ్బాలో పడిందో తెర బయటి వాళ్లకు తెలియదు. ఈ డబ్బాలు చేసిన కంపెనీల్లో మన హైదరాబాద్ ఆల్విన్ ఒకటి. తర్వాత ఇంటింటికీ బీరువాలు, ఫ్రిజ్‌లు చేసిచ్చిన ఆ ఆల్విన్. దొర చూస్తుండగా నోరెత్తలేని పాలేరు, తెర వెనక్కి వెళ్లి ఆ డబ్బాల ముందు ఒక్కడే నిలబడ్డాడు. సంగం పదేళ్లుగా నేర్పిన ధైర్యానికి సర్కారు ఒక తెర కట్టి ఇచ్చింది.

నల్గొండలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. అలహాబాద్ వైపు నెహ్రూకు పడినవి 2,33,571. ఇవి రెండూ ఇద్దరేసి సభ్యుల్ని ఎన్నుకునే నియోజకవర్గాలు. కాబట్టి పోలికలో అన్యాయమేమీ లేదు. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి పార్లమెంటుకు గెలిచారు. ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి పి.వి. నరసింహారావు, చాందా శిబిరంలో పనిచేసిన ఆయనే. వరంగల్‌లో పీడీఎఫ్ అభ్యర్థి పెండ్యాల రాఘవరావు చేతిలో కవి కాళోజీ ఓడిపోయారు. ప్రజల పక్షాన జైలుకెళ్లిన కాళోజీ కూడా ఆ గాలికి నిలవలేకపోయారంటే ఆ ఏడాది తెలంగాణ పల్లె ఏ ఊపు మీద ఉందో ఊహించుకోవచ్చు. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి గెలిచారు. తుపాకీతో దళంలో తిరిగిన స్త్రీ శాసనసభలో కూర్చోవడం ఆనాటికి దేశంలోనే అరుదు. 175 స్థానాల శాసనసభలో పీడీఎఫ్‌కు 42, కాంగ్రెస్‌కు 93 వచ్చాయి. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ప్రతిపక్ష నాయకుడు పీడీఎఫ్‌కు చెందిన వి.డి. దేశ్‌పాండే.

ఇక నగరం. ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

పాతబస్తీలో శాలిబండ స్థానం కాంగ్రెస్ అభ్యర్థి మాసూమా బేగంకు దక్కింది. నగరంలో ఆడపిల్లల చదువు కోసం, స్త్రీల సంఘాల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన ఆమె ఆ గెలుపుకు అర్హురాలే. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో తొలి మహిళా మంత్రి కూడా ఆమే అయ్యారు. నగరంలో పోటీ చేసిన మఖ్దూం మాత్రం ఓడిపోయారు. ఆయన పాఠం చెప్పిన కాలేజీ ఇక్కడ, ఆయన కవిత పుట్టిన ముషాయిరాలు ఇక్కడ, ఆయన పెట్టిన యూనియన్లు ఇక్కడ. ఉర్దూ వచ్చిన ప్రతి ఇంట్లో ఆయన పేరు తెలుసు. అయినా ఓటు రాలేదు.

ఎందుకు? 1948 సెప్టెంబర్ తర్వాత పాతబస్తీ ఎలా ఉందో చూడకుండా దీనికి జవాబు దొరకదు. నిజాం సైన్యాన్ని రద్దు చేశారు. జాగీర్ల మీద, ప్రభువుల పాయగా ఎస్టేట్ల మీద, నిజాం సొంత భూములైన సర్ఫేఖాస్ మీద బతికిన వేల కుటుంబాల్లో పొయ్యి వెలగడం కష్టమైంది. సర్కారీ నౌకరీల్లోంచి మనుషుల్ని తీసేశారు. జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతల నుంచి తప్పించుకున్నవాళ్లు నగరంలో బంధువుల ఇళ్లకు చేరారు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ కమిటీ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవిగా గుర్తించింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనానికి చూపలేదు. ఖాజీ సాబ్ ఈ నగరంలోనే ‘పయాం’ పత్రిక నడిపినవారు. ఆయన కళ్లతో చూసి రాసినదాన్ని ఈ నగరం జనమే చదవలేకపోయారు. కానీ చదవనక్కర లేకుండానే పాతబస్తీకి ఆ సంగతి తెలుసు. వంటింట్లో వదినా మరదళ్లు మాట్లాడుకునే మాట అదే.

ఇలాంటి చోట 1952లో ఓటు ఎలా పడుతుంది? మజ్లిస్ లేదు. రజ్వీ జైల్లో ఉన్నాడు. భయపడ్డ జనం అధికారంలో ఉన్నవాళ్ల నీడ వెతుక్కుంటారు, కాంగ్రెస్‌కు ఓటేస్తారు. ఒక కారణం ఇది. రెండోది నా అంచనా. పల్లెల్లో కమ్యూనిస్టు తుపాకీ అంటే భూమి, వెట్టి విముక్తి. పాతబస్తీకి అదే తుపాకీ రజాకార్లతో కొట్లాడిన తుపాకీ. ఆ రజాకార్లలో ఈ గల్లీల కుర్రాళ్లు ఉన్నారు. పోరాట ప్రాంతాల్లో ముస్లింలను సంగం కాపాడిందని సుందరయ్య రాశారు. ఆ విషయం నల్గొండ ఊళ్ల ముస్లింలకు తెలిసి ఉండొచ్చు గానీ, బీదర్ నుంచి పారిపోయి శాలిబండలో తలదాచుకున్న కుటుంబానికి ఎలా తెలుస్తుంది? పైగా 1948 మేలో నగర కమిటీ ఒక మాట, జిల్లాల పార్టీ ఒక మాట అన్నాయి. అప్పట్లో స్వతంత్ర హైదరాబాద్ అన్న పార్టీని నమ్మినవాడికి కోపం, నమ్మనివాడికి అనుమానం. రెండు రకాల ఓట్లూ పోయాయి.

మాట మార్చినందుకు నాయకుల్ని తిట్టడం చరిత్ర రాసేవాళ్లకు తేలిక పని. 1938 సత్యాగ్రహి 1947లో తుపాకీ పట్టమనడం, 1949లో దించమనడం, 1952లో ఓటు అడగడం ఒక మనిషి బతుకులో జరిగాయి. రావి నారాయణరెడ్డి ప్రతిసారీ ఎదురుగా ఉన్న జనాన్ని చూసి మారారు. నా అభియోగం ఆయన మీద కాదు, ఆయన మాట నెగ్గడానికి పట్టిన మూడేళ్ల మీద. సుందరయ్య ఇచ్చిన లెక్కలోనే సుమారు నాలుగు వేలమంది కార్యకర్తలు, రైతులు పోరాటంలో చంపబడ్డారు. పది వేలమందికి పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో, శిబిరాల్లో మగ్గారు. వీళ్లలో చాలామంది రజాకార్లు పోయాక, సైన్యం వచ్చాక పోయినవాళ్లే. అడవిలో ఉన్న దళానికి పార్టీ లోపల వాదన నడుస్తోందన్న సంగతే సరిగా అందలేదు. ఎవరి ప్రాణం పణంగా ఉందో వాళ్లకు ఓటు లేని ఎన్నిక అది. 1972లో సుందరయ్య తన పుస్తకంలో కొనసాగింపును సమర్థించారు. మరుసటి ఏడు రావి నారాయణరెడ్డి తన పుస్తకంలో దాన్ని కాదన్నారు. రెండూ చదివాను. సుందరయ్య పుస్తకంలో ఊరూరి పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు పేజీల కొద్దీ వస్తాయి. ఆ జాబితాలు ఇంత శ్రద్ధగా దాచినందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. కానీ ఆ పేర్లు చదువుతుంటే రావి నారాయణరెడ్డి వాదనే నాకు ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

హుజూర్‌నగర్ అసెంబ్లీ స్థానాన్ని జయసూర్య గెలిచారు. మెదక్ నుంచి పార్లమెంటుకు కూడా గెలవడంతో దాన్ని వదులుకున్నారు. అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో పీడీఎఫ్ అక్కడ మఖ్దూంను నిలబెట్టింది. ఉర్దూ కవి, నగరం మనిషి, తెలుగు పల్లెలో పోటీ. హుజూర్‌నగర్ రైతు ఆయన్ని గెలిపించాడు. 1947 పిలుపును నెత్తురుతో పాటించిన జిల్లా అది. ఆ పిలుపు మీద మూడో సంతకం ఎవరిదో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రాజ్ బహదూర్ గౌర్ రాజ్యసభకు వెళ్లారు. నగరం మనుషులు ఇద్దరు చట్టసభలకు చేరారు గానీ నగరం ఓటుతో కాదు.

మఖ్దూం అసెంబ్లీలో అడుగుపెట్టిన ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే నగరం మళ్లీ అట్టుడికింది. ఈసారి రజాకార్లు లేరు, దళాలు లేవు. ఉద్యోగాలు స్థానికులకే కావాలన్న ముల్కీ నినాదంతో బడి పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ఆ కాల్పుల మీద జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. వచ్చే భాగంలో ఆ సెప్టెంబర్ మొదటి వారం గురించి చూద్దాం.